గీత గీస్తే మా ఇల్లు దగ్గరే

“అదెంత దూరం, ఇక్కడికిక్కడే కదా” అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ బండిలో కూర్చుని వెళ్లేవాళ్లే. బస్సు కోసం నిలబడ్డవాళ్ల నోటి నుంచి ఆ మాట నేనింతవరకు వినలేదు. ఈ మంట నాకు పుట్టుకతో వచ్చింది కాదు. నా మొదటి ఉద్యోగంలో అంటుకుంది. ఆ ఉద్యోగం దూరాలు కొలిచే ఉద్యోగం.

తొంభైల చివర, హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. మా ఆఫీసు ఆ మేడలో కాదు. కొత్తగూడ వైపు ఒక సందులో, ఎవరో తమకోసం కట్టుకుని మనసు మార్చుకుని కిరాయికిచ్చిన రెండంతస్తుల ఇంట్లో. పడగ్గదిలో కంప్యూటర్లు, వంటింటి గట్టు మీద ప్రింటరు. కిటికీ తీస్తే బండరాళ్లు, సీతాఫలం చెట్లు, వాటి వెనక ఎండలో మెరుస్తూ ఆ మేడ. అయినా మా చుట్టాలకి నేను హైటెక్ సిటీలో పనిచేస్తున్నట్టే లెక్క. పెళ్లిళ్లలో నన్ను పిలిచి మరీ చూపించేవాళ్లు.

పని ఇదీ. విదేశంలో ఒక ట్రావెల్ వెబ్‌సైట్ వాళ్లు మా క్లయింటు. ప్రపంచంలో ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికైనా ఎంత దూరం, విమానంలో ఎంతసేపు పడుతుంది అని చెప్పే పేజీలు వాళ్లకి కావాలి. రెండేసి ఊళ్లకి ఒక పేజీ. ప్రోగ్రాంలో ఆ రెండు ఊళ్ల కోడ్‌లు కొడితే, భూమి మీద ఒక ఊరి నుంచి రెండో ఊరికి తిన్నగా గీత గీసినట్టు కొలిచి దూరం ఇచ్చేది. ఆ దూరాన్ని విమానం వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ ఇంకొంచెం కలిపి, ప్రయాణానికి పట్టే సమయం ఇచ్చేది. ఆ రెండు అంకెల చుట్టూ మేం నాలుగు ఇంగ్లీషు వాక్యాలు అల్లాలి. వాటిలో ఒకటి, ఈ రెండు అందమైన ఊళ్ల మధ్య ప్రయాణం ఎంతో సులువు అని, ప్రతి పేజీలోనూ ఉండి తీరాలి. అది రూలు.

ఒకరోజు నాకు పసిఫిక్ సముద్రంలో రెండు చిన్న దీవులు వచ్చాయి. పక్కపక్కనే ఉన్నాయి. మ్యాపులో చూస్తే ఎవరి చేతిలోంచో జారిపడ్డ రెండు కందిగింజల్లా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో బుల్లి విమానాశ్రయం. ప్రోగ్రాం గంట కూడా పట్టదంది. ఎందుకో నాకు చూడబుద్ధేసి, మా టీమ్ లీడర్ బల్ల మీద ఉండే విమానాల టైంటేబుల్ పుస్తకం తెచ్చి తిరగేశాను. ఇటుకంత పుస్తకం. దాన్ని అక్కడ ఎవరూ తెరవరు, క్లయింటు పంపాడు కాబట్టి ఉంచారు. అందులో ఆ రెండు దీవుల మధ్య విమానమే లేదు. ఒక దీవి వాళ్లు రెండో దీవికి వెళ్లాలంటే ముందు ఎక్కడో దూరాన ఉన్న రాజధానికి పోవాలి. అదీ వారంలో విమానం వచ్చిన రోజునే. అక్కడ దిగి, రెండో దీవికి విమానం బయల్దేరే రోజు దాకా పడిగాపులు పడాలి. మేం గంట కూడా పట్టదంటున్న ప్రయాణానికి వారం పట్టేలా ఉంది.

టీమ్ లీడర్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయనది కోస్తా వైపు. మా అందరికంటే నాలుగేళ్లు పెద్దవాడేమో, ఇస్త్రీ నలగని చొక్కా, ఎంత చిన్నవాళ్లనైనా అండీ అనే మర్యాద. నాకు అసలు కోపం తెప్పించింది ఆ మర్యాదే. ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని.

“క్లయింటు దూరం అడిగాడండి, టైము అడిగాడు. విమానం ఉందా లేదా అని అడగలేదు కదండి,” అన్నాడు నవ్వుతూ.

“మరి ఆ పేజీ చూసి ఎవరన్న బయల్దేరితే సార్? పెళ్లికో, చావుకో?”

“అంత చిన్న దీవికి ఎవరు వెళ్తారండి?”

అక్కడ ఉండేవాళ్లు వెళ్తారు అని నా నోటి దాకా వచ్చింది. మింగేసి, వచ్చి కూర్చుని, ఆ రెండు అందమైన దీవుల మధ్య ప్రయాణం ఎంతో సులువని టైపు చేశాను. చెయ్యకపోతే పేజీ ముందుకు కదలదు.

ఇక మా ఇంటి సంగతి. మాది బాలానగర్. మా నాయిన అక్కడే ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసేవాడు. పెంకుల గదిగా మొదలైన ఇంటిని ఒక్కో గదే పెంచుకుంటూ ఆయనే దగ్గరుండి కట్టించుకున్నాడు. నేను ఉద్యోగంలో చేరేముందు ఆఫీసు చూస్తానని నాతో వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కంప్యూటర్లు చూడలేదు, మేనేజరుతో మాట్లాడలేదు. గేటు ముందు నిలబడ్డ ఆఫీసు వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరుతో మాట్లాడాడు. సాయంత్రం ఆడపిల్లల్ని ఇంటి ముందు దింపుతాడా, సందు చివర దింపుతాడా అని అడిగాడు. ఇంటి ముందే అని డ్రైవరు చెప్పాక నా వైపు తిరిగాడు.

“సూడు బిడ్డా, బండి మన ఇంటి ముంగట ఆగినన్ని దినాలు నౌకరి చెయ్యి. ఆగనినాడు ఇంట్ల కూసో. ఇగ దీని మీద మల్ల మాట లేదు.”

నేను సరేనన్నాను. చదువు అయిపోయి ఏడాదిగా ఇంట్లో కూర్చుని, వచ్చినవాళ్లకల్లా చాయ్ పెట్టి పెట్టి విసిగి ఉన్నాను. బండి కాదు, ఏనుగు మీద దింపాలన్నా సరే అనేదాన్ని.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత వ్యాను ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పారట. ఎవరికి బండి ఉంచాలో, ఎవరికి తియ్యాలో తేల్చే పని మా టీమ్ లీడర్‌కి వచ్చింది. ఆయనకి గొప్ప ఆలోచన తట్టింది. అందరి పేటల అక్షాంశాలూ రేఖాంశాలూ మ్యాపులో చూసి, మేం విమానాశ్రయాలకి వాడే ప్రోగ్రాంలోనే కొట్టాడు. ఆఫీసు నుంచి ఎనిమిది కిలోమీటర్లు దాటిన వాళ్లకి బండి, దాటని వాళ్లకి లేదు. ఎవరి మీదా పక్షపాతం లేదు, కంప్యూటరే చెప్పింది అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మా ఇల్లు ఎనిమిది దాటుతుందన్న ధీమాతో.

దాటలేదు. గీత గీస్తే మా ఇల్లు దగ్గరే. ఆ గీత మా ఆఫీసు డాబా మీంచి లేచి, బండల గుట్టలు దాటి, రైలు పట్టాలు దాటి, ఫ్యాక్టరీల ప్రహరీ గోడలు దాటి, చక్కగా మా బాలానగర్‌లో వాలుతుంది. పిట్టకైతే అదే దారి. నాకు మాత్రం కొత్తగూడ చౌరస్తాలో బస్సెక్కి, మాదాపూర్, జూబ్లీహిల్స్ చుట్టి అమీర్‌పేటలో దిగి, అక్కడ ఇంకో బస్సు కోసం తోపులాడి, ఎర్రగడ్డ, మూసాపేట మీదుగా బాలానగర్ చేరాలి. దగ్గర దగ్గర రెండు గంటలు. నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయిది మెహదీపట్నం. ఆమెకి ఒకే బస్సు, తిన్నగా పోతుంది, మధ్యలో దిగే పనే లేదు. ఆమెది ఎనిమిది దాటింది కాబట్టి ఆమెకి బండి వచ్చింది. పాపం, ఆమే సిగ్గుపడింది.

వెళ్లి అడిగాను. రోడ్డు దూరం వేరండి సార్, మధ్యలో పట్టాలున్నాయి, దాటడానికి దారి లేదు అన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

“నిజమేనండి. కానీ రోడ్డు దూరాలు పెట్టుకుంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. ఇదైతే అందరికీ ఒకటే కొలత. మీది దగ్గరేనండి,” అన్నాడు.

ఇంటికి వెళ్లి చెప్పక తప్పలేదు. మొదటిరోజు బస్సులో వెళ్లేసరికి నాయిన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. బండి ఏదని అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది.

“గట్లయితే రేపటిసంది పోకు.”

“ఎందుకు పోవద్దు? బస్సుల పోత, బస్సుల వస్త. అందరు వస్తలేరా?”

“చీకటి పడ్డంక అమీర్‌పేటల నిలబడుడు నాకు నచ్చది. ముందే చెప్పిన.”

“తమ్ముడు సికింద్రాబాద్ కాలేజీకి పోతుండు. ఆనికేమన్న బండి పెట్టిండ్రా?”

“ఆని సంగతి ఏరు, నీ సంగతి ఏరు.”

అమ్మ అడ్డం పడింది. “జర ఆగుండ్రి. నెలాఖరు దాంక సూద్దాం. గంతల ఆళ్లే బండి ఇస్తరేమో,” అంది. నాయిన నెలాఖరు దాకా తనే వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఈలోపు బండి వస్తే సరి, రాకపోతే ఉద్యోగం బంద్.

అలా మొదలైంది. ఆయన షిఫ్టు అయిదింటికి అయిపోయేది. ఇంటికి కూడా పోకుండా ఫ్యాక్టరీ గేటు నుంచే రెండు బస్సులు మారి కొత్తగూడకి వచ్చేవాడు. మా సందు మొదట్లో చాయ్ బండి దగ్గర, చెప్పులు పక్కన పెట్టుకుని రాయి మీద కూర్చునేవాడు. నేను బయటికి రాగానే లేచి ముందు నడిచేవాడు. మళ్లీ రెండు బస్సులు. ఆ రెండిట్లోనూ మేం పోట్లాడుకోని రోజు లేదు. సీటు దొరికితే నన్ను కూర్చోమని ఆయన, ఆయన్ని కూర్చోమని నేను, చివరికి మధ్యలో ఎవడో వచ్చి కూర్చునేవాడు. ఆ కోపం కూడా మా ఇద్దరికీ ఒకరి మీద ఒకరికే.

అన్నిటికంటే మండిపోయేది ఏంటంటే, మేం చౌరస్తాలో నిలబడి ఉండగా మా ఆఫీసు వ్యాను మా ముందునుంచే వెళ్లేది. సగం ఖాళీగా. డ్రైవరు మమ్మల్ని చూసి తల తిప్పుకునేవాడు. కనీసం అమీర్‌పేట దాకా ఎక్కించుకుంటానని ఒకరోజు ఆపాడు కూడా. మర్నాడు అతన్ని పిలిచి మందలించారు. ఎక్కించుకుంటే ఏం అరిగిపోతుందో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

నెలాఖరు దగ్గర పడింది. ఆ వారంలోనే విదేశం నుంచి క్లయింటు వచ్చాడు. ముందురోజు మమ్మల్నందర్నీ నిలబెట్టి ఎలా నవ్వాలో, ఎక్కడ కూర్చోవాలో చెప్పారు. ఆయన చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అని అడుగుతాడు, అది మర్యాదకి, ఎవరూ ఏమీ అడక్కూడదు అని కూడా చెప్పారు. ఆయన వచ్చాడు, పొడుగ్గా, ఎండకి కందిపోయిన ముఖంతో. మా పేజీలు చాలా బాగున్నాయన్నాడు. చివర్లో ఏమైనా ప్రశ్నలున్నాయా అన్నాడు.

నేను లేచాను. గది అంతా నా వైపు తిరిగింది. ఆ రెండు దీవుల మధ్య విమానం లేదు కదా, మరి విమానంలో ఇంతసేపు పడుతుందని ఎందుకు చెప్తున్నాం అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. ఆయనకేమీ కోపం రాలేదు. సరదాగా నవ్వాడు. అక్కడికి ఎవరూ వెళ్లరు, ఎవరైనా వెతికితే మన పేజీ కనపడాలి, అంతే అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తిక్క రేగింది. నిలబడే ఉండి, మా ఇల్లు కూడా ఇట్లాగే కొలిచి నాకు బండి తీసేశారని చెప్పాను. టీమ్ లీడర్ ముఖంలో రంగు పోయింది. క్లయింటు ఆయన వైపు తిరిగి, ఈమె ఇల్లు ఎంత దూరం అని అడిగాడు. ఆరేడు కిలోమీటర్లు అన్నాడు ఆయన.

“ఓ, అయితే పది నిమిషాలే,” అన్నాడు క్లయింటు.

మళ్లీ అందరూ నవ్వారు. వాళ్లలో కూకట్‌పల్లి వైపు నుంచి రోజూ బస్సులో వేలాడుతూ వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లెందుకు నవ్వారో వాళ్లకే తెలియాలి. నేను కూర్చున్నాను.

సాయంత్రం టీమ్ లీడర్ పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“మీరు అనవసరంగా పరేషాన్ అవుతున్నారండి,” అన్నాడు. మా వైపు మాట ఒకటి నేర్చుకున్నాడు, నాకోసం వాడాడు. “మేడ్చల్లో మీవాళ్లెవరైనా ఉన్నారా? లేకపోయినా ఫరవాలేదు. మేడ్చల్ అని అడ్రసు రాసివ్వండి. అది ఎనిమిది దాటేస్తుంది, బండి వస్తుంది. బండి బాలానగర్ మీంచే కదా పోవాలి? దారిలో మీ ఇంటి ముందు దిగిపోండి. డ్రైవరుకి నేను చెప్తాను.”

మా ఇల్లు ఉన్నచోటే ఉందని రాస్తే బండి రాదు. మా ఇల్లు ఇంకెక్కడో ఉందని రాస్తే మా ఇంటికే వస్తుంది. రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. రాయకపోతే ఇంకో రెండు రోజుల్లో ఇంట్లో కూర్చోవాలి. మా నాయిన్ని అడిగి చెప్తానని బయటికి వచ్చాను.

చాయ్ బండి దగ్గర నాయినకి జరిగిందంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆయన గ్లాసు చేతిలోనే ఉంది. అంతా విని గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని, మా ఆఫీసు వైపు నడిచాడు. వెనకాలే పరిగెత్తాను. వాచ్‌మన్ ఆపబోతే పక్కకి నెట్టి లోపలికి వెళ్లాడు. ఆయన ఆ గుమ్మం దాటడం అదే మొదటిసారి.

“రండి అంకుల్, కూర్చోండి,” అన్నాడు టీమ్ లీడర్ కుర్చీ జరిపి.

“కూసునేందుకు రాలే. మా ఇల్లు మేడ్చల్ల ఉన్నదని రాయమన్నవంట?”

“అదేం లేదండి, ఊరికే రూలు కోసం. మీకే మంచిది కదండి, అమ్మాయి ఇంటి ముందు దిగుతుంది.”

“మా బాలానగర్ ఇంటి ముంగటనేనా?”

“అవునండి.”

“మరి బాలానగర్ అని రాస్తె బండి ఎందుకు రాదు?”

“అది దగ్గరండి.”

నాయిన బల్ల మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు. ఆయన్ని నేను అలా ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో ఆయన కోపం అరుపులతో మొదలై అన్నంతో అయిపోయేది. ఇది అలాంటిది కాదు.

“నా పెండ్లాం పుస్తెలు పెట్టి కట్టిన ఇల్లది. నీ బండి కోసం అది నాది కాదని నా బిడ్డతోని రాయిస్తవా? ఏమనుకుంటున్నవ్ నువ్వు? నీ బండి నువ్వే పెట్టుకో. మాకొద్దు. నా బిడ్డ నౌకరి మాత్రం ఇడ్వది. బస్సుల వస్తది, బస్సుల పోతది. ఎవ్వడాపుతడో నేనూ సూస్త.”

ఆపుతున్నది ఎవరో ఆయనకి గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. విసవిసా మెట్లు దిగిపోయాడు. టీమ్ లీడర్ నా వంక చూసి, మీ నాన్నగారు మరీ ఆవేశపరులండి అన్నాడు. నేను బ్యాగు తీసుకుని బయటపడ్డాను.

మొదటి బస్సులో నాయిన పక్కనే నిలబడ్డాను. అమీర్‌పేటలో దిగాక అడిగాను.

“ఆయనతోని చెప్పింది నిజమేనా? రేపటిసంది నువ్వు రావా?”

“చెప్పినంక ఎట్ల వస్త?” అన్నాడు, నేనేదో ఇరికించినట్టు.

బాలానగర్‌లో బస్సు దిగాం. రోడ్డు దాటడానికి నిలబడ్డాం. ఒకదాని వెనక ఒకటి లారీలు పోతున్నాయి. నాయిన వాటి వైపే చూస్తూ అడిగాడు.

“రేపు ఎప్పుడు వస్తవు?”

“బస్సు దొరికినప్పుడు వస్త.”

తిడతాడనుకుని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు.

“సరే. నీ పల్లెం మూత పెట్టి పెట్టమని మీ అమ్మకు చెప్త,” అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో అప్పటిదాకా తమ్ముడికి ఒక్కడికే చెల్లేది. వాడికి మీసాలు రాకముందు నుంచే చెల్లేది. వాడు ఎక్కడికి పోయాడు, ఎవరు దింపుతారు అని ఎవరూ అడిగేవాళ్లు కాదు, పల్లెం మీద మూత పెట్టి పడుకునేవాళ్లు. ఇప్పుడు అదే మాట నాకూ దక్కింది. సంతోషపడాలి నేను. అంతసేపు మోసుకొచ్చిన కోపం అక్కడ దిగిపోవాలి. దిగకపోగా రెట్టింపైంది. మొదటిరోజే గుమ్మంలో నిలబడి నేను అడిగింది ఇదే కదా. అప్పుడు ఇవ్వడానికి ఈయనకి ఏం అడ్డమొచ్చింది? ముక్కూ మొహం తెలియని ఒక మనిషి మీద పంతం కొద్దీ ఇస్తే తప్ప నాకు రాని మాటా ఇది?

“గీ ఒక్క మాటకు నెల పట్టిందా నాయినా నీకు?” అని రోడ్డు పక్కనే గట్టిగా అరిచాను. పాన్ డబ్బా దగ్గరివాళ్లు తిరిగి చూశారు.

లారీల మధ్య కాస్త సందు దొరకగానే నాయిన, చిన్నపిల్లని పట్టుకున్నట్టు నా చెయ్యి పట్టుకుని అడుగు ముందుకు వేశాడు. నేను విడిపించుకుని, నా అంతట నేను దాటాను.